పదో తరగతి పిల్లవాడి ప్రశ్న, మిల్ పెట్టమన్న పరీక్ష

ప్రశ్న: నేను కల్వకుర్తి ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠానికి సాయంగా ఉంటుందని పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్వేచ్ఛ గురించి రాసిన పుస్తకం చదివి, అందులోని నాలుగు మాటలు పదో తరగతి పిల్లలకు చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, "సార్, మా నాయిన ఏటా మాల ఏసుకుంటడు. నాకైతే దేవుడున్నడని అనిపిస్తలేదు. ఈ మాట బడిల అనొచ్చా?" అని అడిగాడు. అనవచ్చని చెప్పాను. రెండు రోజులకు తండ్రి బడికి వచ్చి, పిల్లవాణ్ణి చెడగొడుతున్నానని పదిమందిలో కోప్పడ్డాడు. మా ప్రధానోపాధ్యాయులు పుస్తకంలో ఉన్నంతవరకే చెప్పమన్నారు. ఇప్పుడు నాకు మూడు సందేహాలు. చదువు ప్రభుత్వం చేతిలో ఉండకూడదని మిల్ అంటాడు. ప్రభుత్వ బడి లేకపోతే నా ముందు కూర్చున్న పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల వెంట పుణెకో ముంబయికో మట్టి పనికి పోయేవాళ్లే. మరి ఆయన మాట మనకు పనికొస్తుందా? ఈస్టిండియా కంపెనీలో కొలువు చేస్తూ, మనవంటి వాళ్లకు స్వేచ్ఛ తగదని రాసిన మనిషి మాట మనం ఎందుకు వినాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ పిల్లవాడికి నేనిప్పుడు ఏం చెప్పాలి?
— ఒక ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

సమాధానం:

మాస్టారికి నమస్కారం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తండ్రి కోపం, ప్రధానోపాధ్యాయుల జంకు, మీ ఇరకాటం, మూడూ నాకు తెలిసినవే. నల్లగొండలో ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పాను. మిల్ అంటే పరీక్షలో వచ్చే పది మార్కుల ప్రశ్న అనుకునే పిల్లల మధ్య, ఆయన మాటను తన ఇంటిదాకా తీసుకువెళ్లి ఆలోచించే పిల్లవాడు దొరకడం ఎంత అరుదో నాకు తెలుసు కనుక ముందే ఒక మాట చెబుతాను: ఆ పిల్లవాడికి మీరిచ్చిన జవాబును వెనక్కి తీసుకోవద్దు. దానికి చేర్చవలసింది మాత్రం కొంత ఉంది. అది కూడా మిల్ పుస్తకంలోనే, చాలామంది అక్కడిదాకా రాకుండా వదిలేసే ఐదో అధ్యాయంలో ఉంది.

మీరు చదివిన ఆ పుస్తకం, 'ఆన్ లిబర్టీ', 1859లో వెలువడింది. అప్పటికి ఇంగ్లండులో పిల్లలను బడికి పంపి తీరాలన్న చట్టం లేదు. బడులు నెలకొల్పే బాధ్యతను ప్రభుత్వం నెత్తిన వేసుకున్న చట్టం 1870లో, బడికి పంపడాన్ని దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1880లో వచ్చాయి. ఆ కాలంలో కూర్చుని మిల్ రాసింది ఏమిటంటే, బిడ్డను కని, కడుపుకు తిండి, మనసుకు చదువు ఇవ్వగల దారి చూడకపోవడం ఆ బిడ్డ పట్లా సమాజం పట్లా చేసే నైతిక అపరాధమని, తండ్రి ఆ బాధ్యత నెరవేర్చకపోతే వీలైనంతవరకు అతని ఖర్చుతోనే రాజ్యం నెరవేర్పించాలని. పిల్లలు తన ఒంట్లో భాగమన్నట్టు, వాళ్లపై తనకు తప్ప ఎవరికీ మాట లేదన్నట్టు మసలే తండ్రులను ఆయన గట్టిగానే ఎత్తిపొడిచాడు. కాబట్టి చదువు విషయంలో మిల్ రాజ్యాన్ని చేతులు కట్టుకుని కూర్చోమన్నాడని అనుకుంటే పొరపాటు. పిల్లలు చదువుకునేట్టు చూడడం ఒక పని, వాళ్లకు చదువు తానే చెప్పడం ఇంకో పని అని ఆయన విడదీశాడు. మొదటిది రాజ్యం చేసి తీరాలన్నాడు. రెండోది అంతా తన గుప్పిట్లో పెట్టుకోవద్దన్నాడు. దేశమంతటికీ ఒకే ప్రభుత్వ చదువు ఉంటే అది మనుషులందరినీ ఒకే అచ్చులో పోసే పనిముట్టు అవుతుందని, ఆ అచ్చు గద్దె మీద ఉన్నవారికి నచ్చిన అచ్చే అవుతుందని ఆయన భయం. గద్దె మీద రాజున్నా, పురోహిత వర్గమున్నా, ప్రభువులున్నా, అప్పటి తరంలోని మెజారిటీ ఉన్నా తేడా లేదని కూడా అన్నాడు.

ఆ భయం మన నేల మీద ఎట్లా కనిపించిందో మీకు వేరే చెప్పనక్కరలేదు. నిజాం రాజ్యంలో ప్రాథమిక తరగతులు దాటిన చదువు చాలావరకు ఉర్దూలో సాగేది. ఇంట్లో తెలుగు తప్ప మరో మాట వినని పాలమూరు రైతు బిడ్డ లెక్కలైనా, చరిత్ర అయినా ముందు ఆ భాష నేర్చుకుని, ఆ తరువాతే నేర్చుకోవాలి. సభ పెట్టుకోవాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన 'గస్తీ నిషాన్ 53' అన్న సర్కారు ఉత్తర్వు ఉండేది. ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి కావలసిందే. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలను ఒక భారతీయ భాషలో ఉన్నత స్థాయి వరకు చెప్పడం సాధ్యమేనని చూపించింది. అది చిన్న పని కాదు. అయితే రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష అది కాదు. ఎవరి అచ్చు అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

ఇక మీ బడి సంగతి. సమాజం తనంతట తాను బడులు నడుపుకోలేని స్థితిలో ఉన్నప్పుడు, రెండు చెడుగుల్లో చిన్నదిగా ఎంచి ప్రభుత్వమే బడులూ విశ్వవిద్యాలయాలూ నడపవచ్చని మిల్ స్వయంగా ఒప్పుకున్నాడు. పేద పిల్లల ఫీజులో ప్రభుత్వం సాయపడాలని, ఎవరూ లేని పిల్లల ఖర్చంతా భరించాలని కూడా రాశాడు. చదువు రాని పిల్లవాడి తండ్రికి చిన్న జరిమానా వేయాలని, అవసరమైతే అతని చేత పని చేయించి దాన్ని రాబట్టుకోవాలని ఆయన చేసిన సూచన మాత్రం మనకు కొరగాదు. మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఆ బాకీ తీర్చడానికి భార్యాబిడ్డలతో బస్సెక్కిన మనిషికి జరిమానా వేస్తే అతను మరో మేస్త్రీ దగ్గర చేయి చాచుతాడు, అంతే. వలస పోయినవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు నడిపే సీజనల్ హాస్టళ్ల వంటివి ఆ జరిమానా చేయలేని పనిని చేస్తాయి. 2002లో చేసిన 86వ సవరణతో రాజ్యాంగంలోకి 21-ఎ అధికరణం వచ్చి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసింది. మిల్ తండ్రి మీద పెట్టిన బరువును మనం రాజ్యం మీద ముందుగా పెట్టాం. మన పరిస్థితిలో అదే సబబు. కనుక ప్రభుత్వ బడిలో పాఠం చెబుతూ మిల్‌ను చదవడంలో మీకు ఏ మొహమాటమూ అక్కరలేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి. సెక్రటేరియట్‌లో కూర్చున్న అధికారిని ఆ పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు. నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ మీరే వాళ్లు రోజూ చూసే రాజ్యం. మిల్ భయమంతా ఆ సుద్దముక్క గురించే.

అందుకే ఆయన ఒక విచిత్రమైన పరీక్షా పద్ధతిని ఆలోచించాడు. పిల్లలందరికీ చిన్న వయసు నుంచే ఏడాదికోసారి ప్రభుత్వం పరీక్ష పెట్టాలి. ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర చదివాడు అన్నది అడగకూడదు. చదవడం వచ్చిందా, కనీస జ్ఞానం అబ్బిందా అన్నదే చూడాలి. మతం, రాజకీయం వంటి వివాదాల మీద పరీక్ష పెట్టవలసి వస్తే, ఏ అభిప్రాయం సత్యం, ఏది అసత్యం అన్నది ప్రశ్న కాకూడదు. ఫలానా అభిప్రాయాన్ని ఫలానా వారు, ఫలానా కారణాల వల్ల నమ్ముతున్నారు అన్న వాస్తవం పిల్లవాడికి తెలుసా లేదా అన్నంతవరకే ఆ ప్రశ్న ఆగాలి. అట్లా చేస్తే పిల్లలు అధికార చర్చిని నమ్మే ఇంటివారైతే దాన్ని నమ్ముతూనే, దానితో విభేదించే ఇంటివారైతే విభేదిస్తూనే పెరుగుతారు. వాళ్లు తెలిసి నమ్మేవాళ్లుగా, తెలిసి విభేదించేవాళ్లుగా పెరిగేట్టు చూడడం వరకే రాజ్యం పని అంటాడు. ఈ 'తెలిసి' అన్న మాట దగ్గర కాసేపు ఆగుతాను. నాకు స్వానుభవం ఉంది.

మా ఊరు మునుగోడు దగ్గర. చిన్నప్పుడు పీర్ల పండుగ వస్తే పదిరోజులు మాకు ఇల్లు పట్టేది కాదు. గుండం తవ్వే దగ్గర నుంచి పీర్లను సాగనంపేదాకా వెంటే ఉండేవాళ్లం. మా నాయనమ్మ పచ్చ దట్టీ ఒకటి, ఎర్ర దట్టీ ఒకటి కొని తెచ్చి, ఉతికిన ధోవతి కొంగులో మూటగట్టి ఉంచేది; మొక్కు ఉన్న ఏడాది ఊదు పొగలో నిలబడి పీరుకు కట్టించేది. మలీదా ముద్ద చేతిలో పెడితే వేళ్లకు అంటిన బెల్లం నాకుతూ డప్పు వెంట పోవడం నాకిప్పటికీ గుర్తు. పదేళ్లకు పైగా అట్లా పీర్ల వెంట నడిచినవాణ్ణి, ఆ పండుగ దేని గురించో మొదటిసారి తెలుసుకున్నది డిగ్రీలో చేరాకే. కర్బలా అన్న పేరు, 680లో అక్కడ చంపబడిన హుసేన్ కథ ఒక చరిత్ర పుస్తకంలో చదివి, అది సంబరం కాదు, శోకమని తెలిసి సిగ్గుపడ్డాను. ఊరంతా కలిసి చేసుకున్న పండుగే అది. ఆ కలుపుగోలుతనం నిజమే. అయినా పక్కింటి మనిషి ఎందుకు ఏడుస్తున్నాడో తెలియకుండానే అతనితో పాటు ఊరేగాను. మా బడిలో ఎవరూ ఆ మాట చెప్పలేదు. చెప్పడం తప్పని కాదు, చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

తన వాదం మాత్రమే తెలిసినవాడికి ఆ వాదం గురించి కూడా తెలిసింది తక్కువే అని మిల్ రెండో అధ్యాయంలో అంటాడు. ఎదురు ప్రశ్న ఎన్నడూ ఎరగని నమ్మకం ఎంత నిజమైనా, ప్రాణం పోయిన మాటగానే నోట్లో మిగులుతుందని కూడా అంటాడు. మీ తరగతిలో ఈ పద్ధతిని పెట్టి చూడండి. మతం పేరెత్తితే భయమనుకుంటే మధ్యాహ్న భోజనంలో గుడ్డుతో మొదలుపెట్టండి. గుడ్డు తినే ఇంటి పిల్లలు, తినని ఇంటివాళ్లు ఎందుకు తినరో రాయాలి. తినని ఇంటి పిల్లలు, అది పిల్లలకు పెట్టాలని ఎందుకంటున్నారో రాయాలి. ఎవరి గురించి రాశారో వాళ్లు చదివి, "మేం అనేది ఇదే" అని ఒప్పుకుంటేనే మార్కులు. తిండి విషయం చిన్నదేమీ కాదు. మిల్ కూడా నాలుగో అధ్యాయంలో ఇదే దారి పట్టాడు. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో పంది మాంసాన్ని అందరికీ నిషేధిస్తే ఏమంటామని అడుగుతూ, బొంబాయి పార్సీల ఉదాహరణ ఇచ్చాడు. వాళ్లు పారసీకం నుంచి పారిపోయి వచ్చినప్పుడు హిందూ రాజులు గోమాంసం తినరాదన్న షరతు మీద చోటిచ్చారని, తరువాత వచ్చిన ముస్లిం పాలకులు పంది మాంసం తినరాదన్న షరతు పెట్టారని, అధికారానికి లొంగి మొదలైన అలవాటు పోనుపోను స్వభావమైపోయి ఆయన రోజుల నాటికి పార్సీలు రెండూ ముట్టడం లేదని రాశాడు. పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. ప్రాథమిక హక్కుల పాఠం వాళ్ల కంచం దాకా వస్తుంది.

మీ రెండో సందేహం న్యాయమైనది, దాన్ని దాటవేయను. మిల్ 1823లో, పదిహేడేళ్ల వయసులో కంపెనీ లండన్ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 1858లో కంపెనీ పాలన ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. సంస్థానాలతో కంపెనీ వ్యవహారాలకు చెందిన ఉత్తరాలు తయారు చేయడం ఆయన పనిలో పెద్ద భాగం. ఈ దేశానికి ఎన్నడూ రాలేదు. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే, ఈ స్వేచ్ఛా సూత్రం పిల్లలకు వర్తించదని, ఇంకా బాల్యదశలో ఉన్న జాతులకు కూడా వర్తించదని, అటువంటివారు అదృష్టం బాగుండి ఒక అక్బరో, యూరపు చక్రవర్తి షార్లమేన్ వంటివాడో దొరికితే మారు మాట్లాడకుండా లోబడి ఉండడమే దారి అని రాశాడు. దీనికి నేను సాకులు వెతకను. అది ఆయన వాదంలోని లోపమే, చిన్న లోపం కాదు. చర్చించుకోవడం ద్వారా బాగుపడే శక్తి ఒక జాతికి ఎప్పుడు వచ్చిందో తేల్చే అధికారం, ఆ జాతి మీద పెత్తనం చేస్తూ జీతం తీసుకుంటున్నవారి చేతిలోనే ఉండిపోయింది. తన వ్యాజ్యంలో తానే తీర్పరి కాగలవాడు ఎవడూ లేడని ఒప్పుకునే మనిషి దాన్ని గమనించకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అదే మనిషి అదే పుస్తకంలోని ఒక అధోసూచికలో, 1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లండులో లేచిన ఒక కోరికను దుయ్యబట్టాడు. బైబిలు చెప్పని బడులకు ఇండియాలో ప్రభుత్వ ధనం ఇవ్వకూడదన్నది ఆ కోరిక. అట్లా చేస్తే క్రైస్తవులైనవారికో, క్రైస్తవులుగా నటించేవారికో తప్ప ఇక్కడ ఎవరికీ సర్కారు కొలువు దక్కదని ఆయన ఎత్తి చూపాడు. అంతకు ముందు, మెకాలే 1835లో ఇంగ్లీషు చదువుకు పట్టం కట్టినప్పుడు, దాన్ని తప్పుబడుతూ 1836లో లండన్ కార్యాలయంలో ఒక ముసాయిదా రాశాడు. పైవాళ్లు ఒప్పుకోక అది మూలన పడింది. ఇవి చెప్పడం ఆయనను వెనకేసుకురావడానికి కాదు. పెత్తనం సంగతిలో తడబడ్డవాడు, పాలితుల మతం జోలికి రాజ్యం పోరాదన్న దగ్గర తడబడలేదని చూపడానికి.

ఆయనకు అసలు జవాబు మన వాళ్లే చెప్పారు. లోబడి ఉండండి, పరిపక్వత వచ్చాక మాట్లాడుదురుగాని అన్న పాలన కిందనే 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 'నీలగిరి' వారపత్రిక నడిపారు. 1931లో ఆంధ్ర మహాసభ రెండో సమావేశం దేవరకొండలో, మీ ప్రాంతంవారైన బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన జరిగింది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి తిట్టకుండా, 1934లో 354 మంది కవుల పద్యాలతో ఒక సంచిక వేసి ముందు పెట్టారు. గ్రంథాలయం పెట్టుకోవడం, పత్రిక చదవడం, సభలో వాదించడం అన్నవి స్వేచ్ఛకు ముందు పూర్తి కావలసిన చదువు కాదు. ఆ స్వేచ్ఛను వాడుకుంటూ నేర్చుకున్న చదువే. స్త్రీల గురించి 1869లో రాసిన పుస్తకంలో మిల్ కూడా దాదాపు ఇదే అన్నాడు. అణచివేతలోనే పెరిగిన వారిని చూసి వాళ్ల స్వభావం ఇంతే అని చెప్పగలిగేవారు ఎవరూ లేరన్నాడు. ఆ వాదాన్ని కొంచెం పక్కకు జరిపి మన మీద పెట్టి చూసి ఉంటే, పదేళ్ల కిందట రాసిన వాక్యాన్ని ఆయనే కొట్టేసేవాడు. కొట్టేయలేదు; కాబట్టి మనం కొట్టేసి చదువుకుందాం. పిల్లలకు కూడా అట్లాగే చెప్పండి. పెద్ద పేరున్న రచయితను చదువుతూ ఫలానా చోట ఈయన తప్పు అని వేలు పెట్టి చూపడం నేర్పితే, ఆ తరగతికి మిల్ సగం వచ్చినట్టే.

ఇప్పుడు ఆ పిల్లవాడి సంగతి. మిల్‌ను ఆయన తండ్రి జేమ్స్ మిల్ ఏ మత విశ్వాసమూ లేకుండా పెంచాడు. మూడేళ్లకు గ్రీకు, ఎనిమిదేళ్లకు లాటిన్ మొదలుపెట్టించిన తండ్రి ఆయన. లోకం నమ్మేదానికి విరుద్ధమైన అభిప్రాయాన్ని ఇస్తూనే, దాన్ని పైకి చెప్పడం తెలివైన పని కాదని కూడా అదే తండ్రి కొడుక్కు నేర్పాడు. మనసులో ఒకటి ఉంచుకుని నోరు మూసుకోవడం చిన్న వయసులో అలవాటు చేసుకోవడం వల్ల తనకు నైతికంగా నష్టం జరిగిందని మిల్ పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. మీ పిల్లవాడి ఇల్లు దీనికి తలకిందులు, అక్కడ నమ్మేది తండ్రి, నమ్మనిది కొడుకు. నోరు మూసుకో అన్న మాట మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకటే.

ఆ మాటలోని చెరుపు ఏమిటో 1857 నాటి ఒక ఉదాహరణతో మిల్ చూపాడు. దేవుణ్ణీ పరలోకాన్నీ నమ్మనివారి ప్రమాణం చెల్లదని ఇంగ్లండు కోర్టులు అనేవి. తమకు నమ్మకం లేదని ఒప్పుకున్నందుకు జ్యూరీలో కూర్చోనివ్వకుండా ఇద్దరిని పంపేశారు, దొంగ మీద ఫిర్యాదు తెచ్చిన మరొకరికి న్యాయం నిరాకరించారు. నమ్మనివాడు అబద్ధాలకోరు అన్నది ఆ నియమానికి పునాది. కాని నమ్మకపోయినా నమ్ముతున్నానని అబద్ధమాడగలిగినవాణ్ణి ఆ నియమం లోపలికి రానిస్తుంది; అబద్ధమాడలేక ఉన్నమాట ఒప్పుకున్నవాణ్ణి మాత్రమే గెంటేస్తుంది. మీ తరగతిలో అటువంటి సందేహం ఉన్నది ఆ ఒక్కడికే అని నేననుకోను. వాణ్ణి తిట్టి కూర్చోబెడితే మిగిలినవాళ్లకు భక్తి కుదరదు, దాచుకోవడం అబ్బుతుంది. మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రి అయినా, శాసనసభ్యుడైనా దేవుని పేరుతోనో, దేవుని పేరు లేకుండా నిష్ఠతోనో ప్రమాణం చేయడానికి చోటిచ్చింది కదా. శాసనసభలో అనదగిన మాట పదో తరగతిలో అడగదగినదే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ప్రధానోపాధ్యాయులకు అక్కరకు వస్తుంది. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదని 28వ అధికరణం చెబుతోంది. మతం గురించిన వాస్తవాలు చెప్పడం మతబోధ కాదు. దేవుడున్నాడని చెప్పి నమ్మించడం ఎట్లా మీ పని కాదో, లేడని చెప్పి నమ్మించడం కూడా అట్లాగే మీ పని కాదు. కేరళకు చెందిన ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా, గౌరవంగా నిలబడి మాత్రం ఉన్నందుకు బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పునిచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం, మన తత్వచింతన, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయని, దాన్ని పలచబరచవద్దని ఆయన అన్నారు. నిలబడ్డం, పాడకపోవడం రెండూ ఒకే పిల్లవాడిలో ఇమడగలవని ఆ తీర్పు ఒప్పుకుంది. ఇది మీ పిల్లవాడికి కూడా చెప్పండి. తండ్రి పూజ చేస్తుంటే పక్కన మర్యాదగా నిలబడితే వాడి సందేహం ఎక్కడికీ పోదు.

ఎక్కడ ఏ మాట అన్న వివేకం కూడా మిల్ చెప్పిందే. ధాన్యం వ్యాపారులు పేదల కడుపు కొడుతున్నారని పత్రికలో రాయవచ్చు. అదే మాటను కోపంతో మూగిన జనం ముందు, వ్యాపారి ఇంటి గడపలో నిలబడి అరిస్తే శిక్షించవచ్చు. పిల్లవాడు తరగతిలో అడిగింది మొదటి కోవకు చెందుతుంది. ఇంట్లో దీక్షా స్వాములందరికీ భిక్ష పెడుతున్న పూట లేచి అదే మాట అంటే చట్టం ఏమీ అనదు గాని, అది వాదన కాదు, తండ్రిని పదిమందిలో చిన్నబుచ్చడం. తండ్రి కూడా మీ విషయంలో సరిగ్గా అదే చేశాడని నాకు తెలుసు. ఆయన కోపానికి దేవుడి కన్నా 'నలుగురు ఏమనుకుంటారో' అన్నది ఎక్కువ కారణమని నా అనుమానం. సర్కారు శిక్షల కన్నా ఈ నలుగురి చూపే మనిషిని లోపలి నుంచి కట్టేస్తుందని మిల్ మొదటి అధ్యాయంలోనే హెచ్చరించాడు.

అందుకని ఆయనను బడికి పిలిపించకండి. మీరే ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లండి, ఒంటరిగా. మాలలో ఉంటే అందరూ పిలిచినట్టే మీరూ "స్వామీ" అని పిలవండి. అది మీ మతప్రకటన కాదు, దీక్షలో ఉన్న మనిషికి ఇచ్చే గౌరవం. మీకు దేవుడి మీద నమ్మకం ఉన్నదీ లేనిదీ అక్కడా చెప్పకండి, తరగతిలోనూ చెప్పకండి. మీవాడు అడిగింది బాగుందని నేననలేదు, అడగవచ్చని మాత్రమే అన్నానని చెప్పండి. ఆ తరువాత మాట మార్చి, మొదటిసారి మాల ఎప్పుడు వేసుకున్నారో, ఎందుకు వేసుకున్నారో అడగండి. మా ఊళ్లో ఒకాయన సారా మానడానికి మొదటిసారి మాల వేసుకున్నాడు, మానాడు కూడా. ఈ తండ్రి కారణం వేరే అయి ఉంటుంది, కొడుక్కు అది తెలియకపోయి ఉండవచ్చు.

తరగతిలో మాత్రం ఆ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే వేలెత్తి చూపేట్టు ఏదీ చేయకండి. అందరికీ ఒకే పని ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు పాటించే ఒక ఆచారం, మాల కావచ్చు, రోజా కావచ్చు, ఆదివారం ప్రార్థన కావచ్చు, బోనం కావచ్చు, ఏ ఆచారమూ వద్దనుకున్న ఇల్లయితే అది ఎందుకు వద్దనుకున్నారన్నది కావచ్చు, ఆ పెద్దవాళ్లనే అడిగి వాళ్ల కారణాలను వాళ్ల మాటల్లో ఒక పేజీ రాయమనండి. తన అభిప్రాయం రాయవలసిన పని ఎవరికీ పెట్టవద్దు; రాయాలనుకున్నవాళ్లు పక్క పేజీలో రాసుకుంటారు, దాన్ని మీరు దిద్దనక్కరలేదు. రాసినది ఆ పెద్దవాళ్లకు చదివి వినిపించి, వాళ్లు "కాదు, గిట్ల కాదు" అన్న చోటల్లా కొట్టేసి మళ్లీ రాయాలి. మీవాడికి రెండు మూడుసార్లు కొట్టివేతలు తప్పవు. చివరికి తండ్రి ఒప్పుకున్నాక, ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే ఆ పేజీ అడుగున సంతకమో వేలిముద్రో పెట్టించుకుని సోమవారం తెమ్మనండి.